వెనక గది గోడకి రంగు వేసిన మనిషి

చోడవరం బస్ కాంప్లెక్సు ఎదురుగా కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఉన్న మనిషిని నేను మొదట పోల్చుకోలేకపోయాను. నున్నగా దువ్విన తల, నీలం చీర, భుజం మీద కుదురుగా పెట్టుకున్న పమిట. నేనెరిగిన మనిషి తలకి తువ్వాలు చుట్టుకుని, చీర మీద మొగుడి పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని ఉండేది. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి దుమ్ము ఉండేది. ఆ దుమ్ము లేకపోబట్టి వేరే ఎవరో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే కళ్ళు ఆవిడవే. కింద ‘ప్రభువునందు నిద్రించిన’ అని, పేరు, జ్ఞాపకార్థ కూడిక ఆ మధ్యాహ్నమే అని రాసి ఉంది.

ఆ పేరు చదవడం నాకు అదే మొదటిసారి. మా ఇంట్లో నెల రోజులు పనిచేసిన మనిషిని పేరేమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఊళ్ళో అందరిలాగే పెయింటరమ్మ అనేదాన్ని. ఇక్కడా ఆ పేరు రాయను. ఆవిడ చివరిదాకా నా పేరు ఎక్కడా ఎత్తలేదు. ఆవిడ పేరు నేను వాడుకోవడం న్యాయం కాదు.

నేను ఆ రోజు విశాఖపట్నం నుంచి వచ్చింది నేను పాఠాలు చెప్పిన పాత స్కూల్లో సర్వీసు కాగితాల మీద సంతకం కోసం. సంతకం సంగతి మరిచిపోయి ఆ స్తంభం దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

ఆవిడ భర్త కూడా పెయింటరే. పదిహేనేళ్ళు ఆయనకి రంగులు కలిపి అందించింది. అనకాపల్లిలో ఒక మేడకి రంగు వేస్తూ ఆయన పరంజీ మీంచి పడి చనిపోయాడు. నెల తిరక్కుండానే ఆవిడ ఆయన బ్రష్షులు పట్టుకుని అదే మేడకి వెళ్ళి, మిగిలిపోయిన గోడ పూర్తి చేసింది. పిల్లలు లేరు. బుచ్చయ్యపేటలో ఉండే అక్క వచ్చి ఆవిడకి తోడుగా ఉండిపోయింది. ఆవిడ ‘అప్ప’ అనేది. మొగుడు పడిపోయిన చోటికే ఎలా వెళ్ళగలిగావని నేనోసారి అడిగాను.

“ఇల్లు సగం రంగుతో ఉండిపోయింది కదమ్మా. పండగలోగా ఇచ్చెస్తానని ఆడు మాటిచ్చేడు. మనిసి పోతే మాట కూడా పోవాలేటి?” అంది.

ఆడమనిషి నిచ్చెన ఎక్కడమేమిటని మొదట్లో మేస్త్రీలు నవ్వేవారట. ఆవిడ చీర కింద మొగుడి ప్యాంటు తొడుక్కుని ఎక్కేసింది. కొన్నాళ్ళకి వాళ్ళే, గోడ ఎందుకు పొంగుతోందో తేలకపోతే, ఆవిడ కోసం కబురు పెట్టడం మొదలుపెట్టారు.

ఇంట్లోకి వస్తూనే ఆవిడ రంగుల పుస్తకం అడగదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, ఎడమ అరచెయ్యి దాని మీద ఆనిస్తుంది. జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచుతుంది. తరవాత నడిమి వేలు మడిచి కొట్టుకుంటూ పోతుంది. డొల్లగా మోగిన చోట, తువ్వాల్లో దోపుకున్న పెన్సిలు తీసి సున్న చుడుతుంది. ఆ తరవాత అడిగే మొదటి మాట, “ఈ గదిలో ఎవరు తొంగుంటారమ్మా?” పడుకునేది ముసలివాళ్ళయితే ఒక రంగు, పిల్లలయితే ఒక రంగు, ఆవిడ లెక్కలు ఆవిడవి. మనం చెప్పిన రంగు నచ్చకపోతే కాదనదు. “అలగే ఏద్దాం” అని, డబ్బాలో మరో చుక్క ఏదో కలిపి, తనకి నచ్చిన దాని వైపు కొంచెం జరిపేస్తుంది.

ఇంకో పట్టింపు ఉండేది. రంగు ఆరేదాకా ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఓ మధ్యాహ్నం మా ఆయనా నేనూ ముందు గదిలో వాదులాడుకుంటున్నాం. విశాఖలో ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశాం, గడువు మూడు నెలలు, ఈ ఇల్లు అమ్ముడుపోతే తప్ప మిగతాది కట్టలేం. తొందరపడింది ఎవరన్నదే గొడవ. ఆవిడ వెనక నుంచి బ్రష్షు పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“పచ్చి గోడ దగ్గర దెబ్బలాడకండి బాబూ. గోడకి పట్టెస్తాది. దెబ్బలాట ఉంటే పెరట్లోకెల్లి ఆడుకోండి” అంది.

మా ఆయనకి నవ్వొచ్చింది. ఇద్దరం నిజంగానే పెరట్లోకి వెళ్ళాం. అక్కడికి వెళ్ళేసరికి దెబ్బలాడడానికి ఏమీ మిగల్లేదు.

మా ఆయన ఉద్యోగం విశాఖలో. పన్నెండేళ్ళు రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాడు. నడుం పాడైపోయింది. నాకూ అటు బదిలీ దొరికింది. అక్కడ ఫ్లాట్ల ధరలు చూస్తే మా జీతాలకి అందేవి కావు. కానీ చోడవరంలో కూడా ధరలు ఆకాశానికి ఎక్కుతున్న రోజులవి. వడ్డాది రోడ్డు పొడవునా చెరుకు మళ్ళలో ఇళ్ళ ప్లాట్ల నంబరు రాళ్ళు లేచాయి. మా వీధిలో ఖాళీ స్థలం అడిగినా, మేం ఎన్నడూ ఊహించని ధర చెబుతున్నారు. ఈ ఊపు ఉండగానే అమ్మేయాలి, తగ్గించకుండా అమ్మాలి. “సామాను సగం తీసేయండి, గోడలకి కొత్త రంగు కొట్టించండి. మరక కనబడిందా, ధర పడిపోద్ది” అని బ్రోకరు చెప్పాడు. అందుకే పెయింటరమ్మని పిలిపించాం.

మూడో రోజున వెనక గదిలో బీరువా జరపమంది. నేను జరపనివ్వలేదు. ఆ పక్క బాగానే ఉందిలే అన్నాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, తనే భుజం ఆనించి బీరువాని పక్కకి నెట్టింది.

వెనక గోడ మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా ఉబ్బి ఉంది. ఉప్పు పూసి, రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. నాలుగేళ్ళుగా ఆ గోడ అలాగే ఉందని నాకు తెలుసు. బీరువా అక్కడ పెట్టింది నేనే.

ఆవిడ అరచెయ్యి పెట్టింది. తరవాత వంగి, చెంప కూడా ఆనించింది.

“ఇది పైనుంచి దిగిన సెమ్మ కాదమ్మా. పునాది కిందనుంచి తాగుతంది. ఎనకాల మురుగు కాలవ ఉంది కదా. ప్లాస్టింగు అంతా సెక్కెయ్యాల. బయట గచ్చు కట్టాల. ఎండబెట్టి మళ్ళీ సెయ్యాల. నెలన్నర పడతాది.”

“అంత టైము లేదు. పుట్టీ పెట్టి రెండు పూతలు వేసేయ్. వానలకి ఇంకా నాలుగు నెలలుంది కదా” అన్నాను.

“వానలకి మీరుండరు. గోడ ఉంటాది” అంది.

 ఆవిడ కాసేపు ఆ గోడ ముందే గొంతుక్కూర్చుంది.

“మీ ఇల్లు. ఎయ్యమంటే ఏస్తాను. కాని కొనీవోళ్ళకి సెప్పండమ్మా.”

“చెప్తాలే” అన్నాను.

ఇష్టం లేని పని కదా అని ఆవిడ ఎక్కడా అశ్రద్ధ చెయ్యలేదు. గీకింది, తుడిచింది, పుట్టీ పెట్టి నున్నగా రుద్దింది. లేత ఆకుపచ్చ వేసింది. అయిపోయాక ఆ గోడ ఇంట్లోకెల్లా అందంగా ఉంది. నేనే రోజుకి రెండుసార్లు వెళ్ళి చూసుకునేదాన్ని.

ఇల్లు చూడటానికి చాలామంది వచ్చారు. బేరమాడకుండా చూసింది మాత్రం దేవరాపల్లి నుంచి వచ్చిన ఒక జంట. అమ్మాయి పేరు సునీత, బట్టలు కుడుతుంది. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. ఎనిమిదేళ్ళ కూతుర్ని కూడా తెచ్చారు. ఆ రోజు పెయింటరమ్మ వెనక గదిలో కిటికీ చువ్వలకి రంగు వేస్తోంది.

సునీత ఆ గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. కూతురి తల మీద చెయ్యి వేసింది.

“మా గుంటకి ఆయాసం ఉందండి. ఇప్పుడున్న అద్దింట్లో చెమ్మ. వానొస్తే చాలు, రాత్రంతా కూసోబెట్టుకుని ఉండాలి. ఈ గది పొడిగా ఉంది, గాలొస్తంది. ఇది దానికిచ్చేద్దాం” అని భర్తతో అంది.

కిటికీ దగ్గర బ్రష్షు ఆగిపోయింది. పెయింటరమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. పిల్లలు క్లాసులో తెలిసిన జవాబు చెప్పకుండా కూర్చుంటే నేను చూసే చూపు అది. నేను సునీత వైపు తిరిగి, “వంటగది చూద్దురుగాని రండి” అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

“ఆ గుంటకి ఆయాసమంటమ్మా.”

“విన్నాను.”

“సెప్పెయ్యండమ్మా. మహా అయితే ఆళ్ళు తగ్గించి అడుగుతారు, అంతే కదా. లేపోతే నన్ను సెప్పమనండి, నేను సెప్తాను.”

నేను భయపడిపోయాను. గడువు, అడ్వాన్సు, మా ఆయన నడుం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. ఆ చేతులు గరుకుగా, చల్లగా ఉన్నాయి. నువ్వు చెప్పకు, నాకు మాట ఇయ్యి అన్నాను. నాకంటే పెద్దావిడ. నా చేతుల్లోంచి చేతులు లాక్కోలేదు.

“ఇంటోళ్ళు సెప్పాల్సిన మాట పనోళ్ళు సెప్పకూడదులెండి. నేను సెప్పను. మీరే సెప్తారు” అంది.

రిజిస్ట్రారు ఆఫీసులో సునీతా నేనూ ఒకే బెంచీ మీద గంటన్నర కూర్చున్నాం. ఆమె మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. కూతురు ఆ గదిలో బల్ల ఎక్కడ వేసుకుంటానందో చెబుతూ ఉంది. చెప్పాలంటే గంటన్నర చాలా ఎక్కువ సమయం. సంతకాలకి పిలిచేదాకా నేను తలాడిస్తూ వింటూ కూర్చున్నాను.

సామాను ఎత్తే రోజున పిలవకపోయినా పెయింటరమ్మ వచ్చింది. బీరువా, మంచాలు తీస్తుంటే గోడలకి తగిలిన గీతల మీద, తెచ్చుకున్న చిన్న డబ్బాలోంచి రంగు అద్దుకుంటూ తిరిగింది. లారీ కదిలే ముందు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

“సెప్పేరా అమ్మా?”

“ఆఁ, చెప్పాను” అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. “మంచి పని సేసేరు. దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాల” అని నా భుజం నిమిరింది. చొక్కా చేతికున్న రంగు నా చీరకి అంటుకుంటే, కంగారుగా తువ్వాలుతో తుడవబోయింది. ఆవిడని నేను చూడటం అదే ఆఖరు.

వానలు మొదలైన రెండో వారంలో సునీత ఫోన్ చేసింది. మేం అప్పటికి విశాఖలో ఐదో అంతస్తులో ఉన్నాం.

“ఎనక గది గోడ మొత్తం ఊడిపోతంది టీచర్‌గారూ. గుంటని ఆసుపత్రిలో చేర్పించేం. మీకు తెలీదాండి?”

“మాకు తెలియదమ్మా” అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. “పెయింటరు మాకేమీ చెప్పలేదు” అని కూడా అన్నాను.

“ఎక్కడుంటాదండి ఆవిడ?”

వడ్డాది వెళ్ళే రోడ్డులో, చర్చి దాటాక రెండో సందు అని నా నోటితో నేనే దారి చెప్పాను.

మళ్ళీ ఫోన్ రాలేదు. ఒకటి రెండుసార్లు నేనే చెయ్యబోయి ఆగిపోయాను. ఆ తరవాత, అంతా సర్దుకుని ఉంటుందిలే అనుకోవడం అలవాటైపోయింది. రెండేళ్ళు గడిచిపోయాయి.

ఫ్లెక్సీ చూసిన ఆ మధ్యాహ్నం ఆ చర్చికి వెళ్ళాను. ఒకే గది, రేకుల కప్పు. ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో, తెల్లచీరలో ఉన్న ముసలావిడ పెయింటరమ్మ అప్ప అని పోలికని బట్టి తెలిసింది. నేను వెనక, చెప్పుల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఐదు రోజుల జ్వరంతో పోయిందని పక్కనున్న ఆమె చెప్పింది. ఆఖరి రోజున మంచం పక్క గోడ మీద అరచెయ్యి పెట్టుకుని పడుకుందట.

పాస్టరుగారు ప్రార్థన చేసి, ఆమెతో జ్ఞాపకాలు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పమన్నారు. ఒక మేస్త్రీ మాట్లాడాడు. ఒక పంతులు భార్య మాట్లాడింది. మూడో మనిషి లేచి వెళ్తుంటే నేను కుర్చీలో వెనక్కి ఒదిగాను. సునీత. పక్కన కూతురు, పొడుగైంది.

“మేం ఈ చర్చివోళ్ళం కాదండి. ఈవిడ గురించి ఒక మాట చెప్పాలని వచ్చేం. ఈవిడ మా గోడకి చెమ్మ దాచి రంగేసింది. గుంట చచ్చి బతికింది. నేను ఈవిడ్ని ఎతుక్కుంటూ వచ్చి, ఇదే చర్చి గుమ్మంలో, అందరూ సూస్తాంటే ఈవిడ్ని దొంగ అన్నాను. ఈవిడ ఎదురు మాటాడలేదు. ‘గుంటెలగుంది’ అనడిగింది. ‘రేపొస్తానమ్మా’ అంది. వచ్చింది. నాలుగు వారాలు పగలు ఎక్కడో పనిచేసుకుని, పొద్దు వాలేక మా ఇంటికొచ్చి గోడంతా సెక్కింది. బయట గచ్చు కట్టింది. సిమెంటు కూడా తనే తెచ్చుకుంది. ఇప్పుడా గోడ గట్టిగా ఉంది. తప్పు సేసింది, దిద్దుకుంది. నేను క్షమించేనండి. దేవుడు కూడా క్షమించాలని మీరు ప్రార్థన చెయ్యండి.”

అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరసలో అప్ప తల వంచుకుంది. ఆమె పెదవులు కూడా కదిలాయి.

ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు వెనకదాకా చూశారు. ఆయన కళ్ళు నా మీద ఆగి, దాటిపోయాయి. నేను లేవలేదు. పాట మొదలైపోయింది.

కూడిక అయ్యాక బస్సు కోసం వెళ్ళలేకపోయాను. మా పాత వీధికి నడిచాను. సునీత నన్ను చూసి సంతోషపడింది. లోపలికి రమ్మని, కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. వెనక గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించింది. లేత ఆకుపచ్చే. నేను చెయ్యి వేసి చూశాను. పొడిగా ఉంది.

గోడ మీద చెయ్యి తియ్యకుండానే చెప్పేశాను. బీరువా నుంచి ఫోన్ దాకా, ఏదీ వదలకుండా చెప్పాను. ఆవిడ చెప్పెయ్యమని నన్ను బతిమాలిందని, నేను ఒట్టు వేయించుకున్నంత పని చేశానని, చెప్పేశానని ఆవిడకి కూడా అబద్ధమాడానని చెప్పాను. సునీత వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయింది.

“అయితే నేను ఎల్లి అరిసీవరకు, మీరు మాకు సెప్పేసేరనే అనుకుంటందా ఆవిడ?”

“అవును.”

“అప్పుడైనా నోరిప్పలేదు” అంది. పెరటి వైపు చూసింది. “నాలుగు వారాలూ వీధి గుమ్మంలోంచి రానివ్వలేదండి నేను. పెరటి దారిన రమ్మన్నాను. గుంట ఒకరోజు కూసోమని పీట ఏస్తే, తీసెయ్యమన్నాను. నిలబడే సేసింది పనంతా.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు తీసేసుకుంది.

“ఆదివారం రండి. నన్ను క్షమించమని మాత్రం అడగొద్దు. నేను ఎక్కడ నిలబడి ఆవిడ్ని తప్పు చేసిందన్నానో, మీరూ అక్కడే నిలబడి సెప్పండి.”

ఆదివారం వెళ్ళాను. మా ఆయన వస్తానంటే వద్దన్నాను. ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగి ముందుకి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లల ముందు నిలబడి మాట్లాడేదాన్ని, మొదటి మాటే తప్పి మళ్ళీ మొదలుపెట్టాను. సునీతకి చెప్పినట్టే అంతా చెప్పాను. ఆవిడ తప్పేమీ చెయ్యలేదు, క్షమించమని దేవుణ్ణి అడగాల్సింది ఆవిడ కోసం కాదు అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.  బయట రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి వెళ్ళింది. 

మాటలు అయిపోయాయి. ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. అప్పుడు ముందు వరసలో అప్ప కదిలింది. ఆమె పక్కన చాప మీద ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అంత ఇరుకులోనూ అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం పెయింటరమ్మ కూర్చున్న చోటది. ఆమె అటు చూసింది, నా వైపు చూసింది. మొహంలో కోపమో దయో నాకు తెలియలేదు. చీర కుచ్చెళ్ళు తన వైపు లాక్కుని, ఆ ఖాళీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

“నిలబడీసేవు సాల్లే” అంది. “వచ్చి కూసో.”